లేచే రోజు

కన్నకూతురే తల్లిని మంచం మీంచి తోసేసిందని మేడ మీది దర్జీ ఆవిడ పాలబూత్ ఆవిడతో అందట. పాలబూత్ ఆవిడ ఆ మాటని పాలతో పాటే ఇంటింటికీ కొలిచి పోసింది. వీధి మలుపులోని మందుల దుకాణం చేరేసరికి తోయడం కాస్తా ఈడవడం అయింది. ముసలావిడ “వద్దే, నీ కాళ్ళు పట్టుకుంటానే” అని మొత్తుకుందనీ, కొడుకు సమయానికి రాకపోతే ఆ పూటే ప్రాణం పోయేదనీ చిలవలు పలవలు పుట్టుకొచ్చాయి.

పొద్దున్నే పాలకు వెళ్ళిన కోడలు ఆ కబురంతా మోసుకొచ్చి, పాలగిన్నెతో పాటు వంటగట్టు మీద దించింది.

“విన్నావా అమ్మాయ్? వీధిలో నువ్వు హంతకురాలివైపోయావు. న్యాయంగా ఆ పదవి ముందు నాకు రావాలి, కోడల్ని కదా!”

ఆడపడుచు డ్యూటీకి వెళ్ళడానికి జడ బిగించుకుంటోంది. నవ్వలేదు.

“దర్జీ ఆవిడ చూసిందా?”

“చూడాలా ఏం? దబ్బుమని చప్పుడు వినబడిందట. చప్పుడుకి కొలతలు తీసుకుని మొత్తం కుట్టేసింది.”

చప్పుడు మాత్రం నిజం. మొన్న సాయంత్రం ఈ ఆడపడుచు ముంగి ఎవరికీ చెప్పకుండా తల్లిని లేపి నిలబెట్టింది. చిన్నప్పుడు నోరు విప్పేది కాదని తల్లే పెట్టిన పేరది. పెరిగి నర్సయినా ఇంట్లో ఆ పేరే మిగిలింది. ఏడాది పైగా మంచం దిగని తల్లి, మంచం కమ్మి పట్టుకుని లేచింది. నిలబడింది. కిటికీలోంచి వీధిలోకి చూసి, “అరె, ఎదురింటి వాళ్ళు తలుపుకి రంగు మార్చారే!” అంది కూడా. అంతలో ఏం తోచిందో, గబుక్కున మంచం వైపు తిరగబోయింది. పట్టు జారింది. పడింది. చెయ్యి ఒంటి కిందికి మడతపడింది.

అదే సమయానికి కొడుకు గుమ్మంలోకి వచ్చాడు. అతని కళ్ళకు కనబడింది నేల మీద తల్లి, ఆవిడ మీదికి వంగిన చెల్లెలు. అంతే.

ఎముక విరగలేదు. మణికట్టు వాచింది, కట్టు కట్టారు.

“ఎందుకు తిరిగిందో నాకు అంతు చిక్కట్లేదు వదినా” అంది ముంగి. “మోకాళ్ళు వణకలేదు. కళ్ళు తిరగలేదు. అలాంటిదేమైనా ఉంటే నా చేతికి ముందే తెలుస్తుంది.”

“అదేదో చేసేముందు నాకొక్క మాట చెప్పుంటే రెండో పక్క నేను పట్టుకునేదాన్ని కదా?”

“నువ్వు అన్నయ్యకి చెప్పేస్తావనుకున్నాను.”

కోడలు పాలు పొయ్యి మీద పెట్టింది. మంట తగ్గించింది. మళ్ళీ పెంచింది.

“మీ అన్నయ్యతో నేను కూర్చుని మాట్లాడి ఎన్నాళ్ళయిందో నీకు తెలీదు. ఆయన కొట్టునుంచి వచ్చేది ఇంటికి కాదు, అత్తయ్య గదికి. మిగతా వాళ్ళం దారిలో కాళ్ళకి అడ్డం పడేవాళ్ళం.”

పాలు పొంగాయి. ఇద్దరూ చూస్తూనే ఉన్నారు, ఒక్కరూ దించలేదు.

*

అన్న ఆ పూట మందుల సంచీతో తిరిగొచ్చాడు. లావుపాటి మనిషి. మెట్లెక్కితే ఆయాసం. సంచీ బల్ల మీద పెట్టి, చెల్లెలి వైపు చూడకుండా, గోడతో చెబుతున్నట్టు చెప్పాడు.

“ఇన్సులిన్ మళ్ళీ పెంచారు.”

“పెంచుతూనే ఉంటారు అన్నయ్యా. మోతాదు తక్కువయ్యి కాదు అది.”

“నువ్వు డాక్టరువా?”

“కాదు.”

“మరి నోరు మూసుకో. అమ్మ ఏం తింటోంది? తీపి ముట్టదు. పిట్టకి పెట్టినట్టు పెడుతోంది మీ వదిన. అయినా షుగరు దిగట్లేదు. ఉన్న కష్టం చాలదని ఇప్పుడు చెయ్యి కూడా విరగ్గొట్టబోయావు.”

“తిండి వల్ల కాదు. పడుకోవడం వల్ల.”

అన్న అప్పుడు తిరిగి చూశాడు.

“జీతం పుచ్చుకుని ఊళ్ళోవాళ్ళని పడుకోబెట్టేదానివి నువ్వు. మా అమ్మ పడుకుంటే మాత్రం నీకు నొప్పా?”

“మా అమ్మ కూడా కదా అన్నయ్యా.”

ఆ మాటకి అతని గొంతు పెరిగింది.

“ఇవాళ్టినుంచి నువ్వు ఆ గది గడప తొక్కడానికి వీల్లేదు. మంచీ చెడ్డా మేం చూసుకుంటాం. మీ పడకాఫీసు సంగతులు అక్కడే వదిలేసి రా.”

అతను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ముంగి బూట్లు తొడుక్కుంటూ గోడ అవతలి మాటలు వింది. సూది వేస్తున్నాడు. అది అతను ఇంకెవరినీ వెయ్యనివ్వడు.

“నొప్పిగా ఉందామ్మా?”

“ఇదా? నా దబ్బనం ముందు ఇదెంతరా! దోమ కుట్టినట్టుంది.”

తల్లి నవ్వింది. కొడుకూ నవ్వాడు. ఆ గదిలో వాళ్ళిద్దరూ అలా నవ్వుకోవడం ముంగి చిన్నప్పుడెప్పుడూ వినలేదు. అప్పట్లో తల్లికి నవ్వే తీరిక ఉండేది కాదు.

*

ముంగి పనిచేసే చోటుకి అసలు పేరు బారెడుంది. అంతా పలకలేక ఊళ్ళో జనం పడకాఫీసు అంటారు. పొడుగాటి హాలు. కర్టెన్లు. రెండు వైపులా మంచాలు, అన్నీ తల వైపు కాస్త పల్లంగా. అంతరిక్షంలోకి వెళ్ళినవాళ్ళకు ఒంటి బరువు తెలియదు, కాళ్ళకు పనుండదు. అప్పుడు ఒంటికేమవుతుందో నేల మీద పరీక్షించాలంటే మనుషుల్ని ఇలా రోజుల తరబడి పడుకోబెట్టాలి. తిండి పడుకునే, స్నానం పడుకునే, పళ్ళు తోముకోవడం పడుకునే. ఎవరైనా పొరపాటున మోచేతి మీద లేవబోతే, “లేవకండి” అనడం ముంగి ఉద్యోగం.

పడుకునేవాళ్ళు రోగులు కారు. రోగం లేనివాళ్ళనే ఏరి తెస్తారు. ఆ రోజు ఒక ఈతగాడికి లేచే రోజు.

అతన్ని ముందు ఒక చెక్కకి పట్టీలతో బిగించి, చెక్కని మెల్లగా నిలువు చేశారు. మొహంలో నెత్తురు దిగిపోయింది. మళ్ళీ పడుకోబెట్టారు. మళ్ళీ లేపారు. చివరికి రెండు పక్కలా ఇద్దరు పట్టుకుంటే నేల మీద పాదాలు ఆనించాడు. పిక్కలు కర్రల్లా ఉన్నాయి.

“అక్కా, ఇవి నా కాళ్ళు కావు. ఎవరో మార్చేశారు” అన్నాడు నవ్వుతూనే. కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి.

పక్కనున్న డాక్టరమ్మ అతని భుజం తట్టింది. “నీవే. అలిగాయి, అంతే. కండ కరగడం తర్వాత మాట. అంతకంటే ముందే చెవుడొస్తుంది దానికి. నెత్తుట్లో తీపి ఉంటుంది, ఇన్సులిన్ వచ్చి తీసుకోమంటుంది, కండ వినదు. నువ్వు వచ్చినప్పుడు తియ్యనీళ్ళు తాగిస్తే చటుక్కున సర్దేసిన ఒళ్ళు, మొన్న తాగిస్తే ఎంతసేపు తడుముకుందో చూశావు కదా? నడువు. బరువులు తొయ్యి. పనిచేసే కండ ఎవరూ చెప్పకుండానే తీపిని లాక్కుంటుంది. అన్నీ తిరిగొస్తాయి.”

ఈతగాడు ఒక్క అడుగు వేశాడు. హాల్లో పడుకున్నవాళ్ళందరూ పడుకునే చప్పట్లు కొట్టారు.

ముంగి కొట్టలేకపోయింది. ఖాళీ అయిన ఆ మంచానికి తగిలించిన అట్టనే చూస్తోంది. పడుకునేవాళ్ళు రాకముందే ఆ అట్ట మీద లేచే రోజు రాస్తారు. అది రాయకుండా ఇక్కడ ఎవర్నీ పడుకోనివ్వరు.

తల్లికి నిమ్ము చేసి ఊపిరాడనప్పుడు, చూసిన డాక్టరు “నిమ్ము తగ్గేదాకా మంచం దిగనివ్వకండి” అన్నాడు. తగ్గింది. ఆ డాక్టరు వేరే ఊరు వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినాయన షుగరు ఒక్కటే చూశాడు గాని, ఈవిడ ఎందుకు పడుకునుందని అడగలేదు. దిగనివ్వకండి అన్నవాడున్నాడు. దిగమనే మాట ఎవరి వంతో ఎవరికీ తెలియలేదు. మొదట్లో తల్లి ఒకటి రెండుసార్లు కాళ్ళు కిందికి జార్చబోయింది. రోజంతా అదే మాట అని అని నోటికి పట్టేసిన ముంగే, “లేవకమ్మా” అంది.

*

అన్న కొట్టు బజారు మధ్యలో ఉంటుంది. ప్లాస్టిక్ కవర్లు తొడిగిన స్పాంజి పరుపులు గోడలకి నిలబెట్టి ఉంటాయి. కొనేవాళ్ళు బూట్ల కాళ్ళు బయటికి పెట్టి, పరుపు మీద వెల్లకిలా పడుకుని, కప్పుకేసి చూసి, ఇది మెత్తన అదింకా మెత్తన అని తేలుస్తుంటారు. వెనక గోడకి, లెక్కల బల్ల మీదుగా, ఒక మేకు. మేకుకి పాత బెత్తం, దాని పక్కనే తుప్పు పట్టిన దబ్బనం. తల్లి ఆ బెత్తంతో దూది కొట్టింది, ఆ దబ్బనంతో పరుపులు కుట్టింది. ఈ కొట్టు ఒకప్పుడు ఆవిడ నిలబడి పనిచేసిన వరండా.

చెల్లెల్ని చూసి అన్న లేవలేదు. పొమ్మనీ అనలేదు.

“ఇంట్లో గదిలోకి రావద్దన్నావు. అందుకని ఇక్కడికొచ్చాను” అంది ముంగి.

“వచ్చావుగా. చెప్పు.”

చెప్పింది. ఈతగాడి పిక్కల సంగతి చెప్పింది, తియ్యనీళ్ళ సంగతి చెప్పింది. “పాతికేళ్ళ కుర్రాడు అన్నయ్యా. ఏ రోగం లేదు. కొన్నాళ్ళు పడుకున్నందుకే ఒళ్ళు అలా అయింది. అమ్మది వయసు మీద పడిన ఒళ్ళు, పడుకుని ఎంతకాలమైందో చూడు. నువ్వు సూది మీద సూది వేస్తున్నావు. అది వెళ్ళి తలుపు కొడుతోంది. లోపల తీసేవాళ్ళు లేరు.”

“అమ్మని కూడా చెక్కకి కట్టి లేపుతావా?”

“అక్కర్లేదు. ముందు పడుకునే కాళ్ళతో తోయిస్తాను. తర్వాత అంచున కూర్చోబెడతాను. తర్వాత నిలబడడం. నువ్వు ఒక పక్క, వదిన ఒక పక్క. ఇంకా ఆలస్యం చేస్తే లేపుదామన్నా కాళ్ళుండవు.”

అన్న మేకు వైపు చూశాడు.

“నీకు గుర్తుండదు. నువ్వు ఉయ్యాల్లో ఉన్నావు. నాన్న పోయాక అమ్మ ముక్కుకి గుడ్డ కట్టుకుని పొద్దుణ్ణుంచి చీకటి పడేదాకా కొట్టేది. కనుబొమ్మల మీద దూది, జుట్టులో దూది. బళ్ళో నన్ను దూదిభూతం కొడుకు అనేవాళ్ళు. ఒకసారి దగ్గు తెరలో బెత్తం జారి కాలి మీద పడింది. గోరు లేచిపోయింది. గుడ్డ పీలిక చుట్టుకుని మళ్ళీ కొట్టింది. ఆ బెత్తం నా చేత్తో ఈ మేకుకి తగిలించిన రోజున అనుకున్నాను, ఇక ఈవిడ చేత పుల్ల కూడా ఎత్తనివ్వనని.”

“నీ మాట నెగ్గింది అన్నయ్యా. ఇప్పుడు ఎత్తమన్నా ఎత్తలేదు.”

అన్న మొహం నల్లబడింది.

ఇద్దరు కొనేవాళ్ళు వచ్చారు, మొగుడూ పెళ్ళాం. “బాగా మెత్తటిది చూపించండి, పడుకుంటే లేవబుద్ధి కాకూడదు” అన్నాడు మొగుడు సరదాగా.

అన్న వాళ్ళ వైపు చూశాడు గాని లేవలేదు. కాసేపటికి వాళ్ళు తమలో తాము గొణుక్కుంటూ ఎదుటి కొట్లోకి వెళ్ళిపోయారు.

“ఒక మాటనుకుందాం” అన్నాడు చివరికి. “అమ్మనే అడుగుదాం. లేస్తానంటే నువ్వు చెప్పినట్టే చేద్దాం, నేను కూడా ఓ చెయ్యి వేస్తాను. లేవనంటే మాత్రం నువ్వు ఇంకెప్పుడూ ఆ ఊసెత్తకూడదు. ఆవిడ ఒళ్ళు, ఆవిడ ఇష్టం.”

“సరే.”

“ఒట్టు?”

“సరే అన్నానుగా.”

లేస్తానంటుంది. మొన్న ఎదురింటి తలుపు రంగు చూసి వెలిగిన ఆ మొహం ముంగి కళ్ళ ముందుంది. లేస్తానని అనకపోవడమేమిటి?

*

అందరూ ఒక్కసారే గదిలోకి రావడం చూసి తల్లి నిర్ఘాంతపోయింది.

“ఏంటర్రా, మూకుమ్మడిగా వచ్చారు? నేను గాని పోయానా ఏం?”

“ఊరుకోండి అత్తయ్యా, ఆ మాటలేంటి?” కోడలు గ్లాసు పక్కన పెట్టి దుప్పటి సర్దింది.

కొడుకు కొట్టు ద్వారా తెప్పించిన ఖరీదైన మంచం అది. పిడి తిప్పితే తల వైపు లేస్తుంది. కొడుకు అలవాటుగా పిడి పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. తల్లి తల మెల్లగా పైకొచ్చింది. ఆవిడ ముందు కొడుకు మొహం చూసింది, తర్వాత కూతుర్ని.

“నిన్ను రావద్దన్నారటగా?”

“రమ్మన్నారు” అంది ముంగి.

“కొట్లాట అయిపోయిందా?”

“నీ మాట మీద ఆగిందమ్మా” అన్నాడు కొడుకు. పిడి వదల్లేదు. “ముంగి నిన్ను లేపి నడిపిస్తానంటోంది. నడిస్తేనే షుగరు దిగుతుందట. కాళ్ళు నిలబడతాయట. నీకు లేవాలనుందా? ఉన్నదున్నట్టు చెప్పు. ఎవరి మొహం చూసీ చెప్పకు.”

తల్లి బదులుగా, “పొద్దుణ్ణుంచి తిన్నావా ఏమైనా? మొహం పీక్కుపోయింది” అంది.

“అమ్మా, అడిగింది చెప్పు.”

ముంగి మంచం చివర మోకాళ్ళ మీద కూర్చుని దుప్పటి పక్కకి తీసింది. కోడలు రోజూ తుడిచే కాళ్ళే అవి, సూది వెయ్యడానికి వచ్చే కొడుకు మాత్రం చాలాకాలంగా చూడలేదు. చర్మం వేలాడుతోంది. లోపల పట్టుకుందామంటే ఉండలు కట్టిన పాత దూది. అతను చూపు తిప్పుకోబోయి, తిప్పుకోలేకపోయాడు.

ముంగి తల్లి పాదాన్ని అరచేతిలో పెట్టుకుంది.

“నా చెయ్యి తొయ్యమ్మా. గట్టిగా.”

పాదం కదిలింది. మొదట వేళ్ళు, తర్వాత మడమ. ముంగి మోచెయ్యి అంగుళం వెనక్కి వెళ్ళింది.

“ఉంది! అన్నయ్యా, ఉంది, చూడు. వదినా, ఇలా చెయ్యి పెట్టి చూడు.”

కోడలు కూడా కూర్చుని చెయ్యి పెట్టింది. “అమ్మో, నన్ను తన్నేలా ఉన్నారు అత్తయ్యా. ఇన్నాళ్ళూ దాచుకున్నారా?” అంది.

“మొన్న నిలబడ్డావు కూడా” అంది ముంగి. “కాళ్ళు ఆగాయి. నేను పట్టుకుంది పేరుకే. బాగానే నిలబడినదానివి, అంత గబగబా ఎందుకు తిరిగావమ్మా? నేనేమైనా తప్పు చేశానా?”

“నీ తప్పేం లేదే.”

“మరి?”

తల్లి కట్టు కట్టిన చేతిని మంచి చేత్తో నిమురుకుంది.

“స్కూటరు చప్పుడైంది.”

“ఏ స్కూటరు?”

“వీడిదే. మలుపు తిరిగేటప్పుడు కిర్రుమంటుందిగా. వీడు లోపలికొచ్చేసరికి మంచం మీద ఉండాలని తిరిగాను. అందలేదు.”

ఎవరికీ వెంటనే బోధపడలేదు. కొడుకు మొహం మాత్రం పాలిపోయింది.

“నేను తిడతాననా అమ్మా? నీ మీద నేనెప్పుడైనా కేకలేశానా?”

“నువ్వెందుకు తిడతావురా. బంగారంలా చూసుకుంటున్నావు.”

“మరి ఎందుకు? లేచి నిలబడి కనబడితే నాకు సంతోషం కాదా? నీ కాళ్ళ మీద నువ్వు తిరుగుతుంటే చూడాలని మాకుండదా? ఇన్నాళ్ళలో ఒక్కసారి నాకు లేవాలనుందిరా అని అనొచ్చు కదా! ఎందుకనలేదు?”

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముంగి చేతిలో పాదం వెచ్చగా, కదలకుండా ఉంది.

తల్లి ఒక్కొక్కరి మొహమూ చూసింది. కోపం లేదు ఆవిడ కళ్ళలో. పరుపు బరువు చెప్పినంత మామూలుగా చెప్పింది.

“నిలబడి పనిచేసినన్నాళ్ళూ ఈ ఇంట్లో నా పక్కన కూర్చున్నవాళ్ళు లేరు. పడుకున్నాకే మీకు కనబడ్డాను. లేస్తే మళ్ళీ ఎవరొస్తారురా ఈ గదిలోకి?”

సగం తిప్పిన పిడి కొడుకు చేతిలో అలాగే ఉండిపోయింది.